మైటోకాండ్రియా మీద పనిచేసే క్యాన్సర్ మందులు: ఏది ఎవరికి, ఏది ఎవరికీ కాదు

క్యాన్సర్ మాత్ర వెనెటోక్లాక్స్, షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్, నులిపురుగుల మందు ఐవర్‌మెక్టిన్. మూడూ మైటోకాండ్రియా మీద పనిచేస్తాయనే చెబుతారు. మొదటిది కొన్ని రక్త క్యాన్సర్లలో ఆయుష్షు పెంచుతుందని పెద్ద ట్రయల్‌లో తేలింది. రెండోదాన్ని వేలమంది మీద పరీక్షించాక, క్యాన్సర్ మందుగా దానివల్ల లాభం కనిపించలేదు. మూడోదానికి మనుషుల్లో చెప్పుకోదగ్గ రుజువే లేదు. కాబట్టి 'మైటోకాండ్రియా మీద పనిచేస్తుందా?' అని అడిగి లాభం లేదు. అడగాల్సినవి వేరే ఉన్నాయి: మైటోకాండ్రియాలో ఏ భాగాన్ని పట్టుకుంటుంది, మన రోగికి వచ్చిన క్యాన్సర్ ఆ భాగం మీద ఆధారపడి బతుకుతోందా, ఆ సంగతి ఏ పరీక్షలో బయటపడుతుంది?

కరెంటు కోసే మందులు, గొళ్లెం తీసే మందులు

బడిలో 'కణ శక్త్యాగారాలు' అని చదువుకున్నవే ఈ మైటోకాండ్రియా. కణానికి కరెంటు లాంటి ఏటీపీని తయారుచేయడం వాటి మొదటి పని. (ఆ ఏటీపీని 1929లో కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. తర్వాత ఆయన బృందం చేసిచ్చిన అమినోప్టెరిన్ పిల్లల ల్యుకేమియాని తాత్కాలికంగానైనా తగ్గించిందని 1948లో ప్రచురితమైంది. క్యాన్సర్ మందుల చరిత్రలో ఆ పేరు రెండుసార్లు తగులుతుంది.) బడిలో అంతగా చెప్పని రెండో పని ఒకటుంది. కణం ఎప్పుడు చావాలో తేల్చే గొళ్లెం కూడా మైటోకాండ్రియా తలుపుకే ఉంటుంది.

మొదటి పనిని ఆపేవి కరెంటు కోసే మందులు. రెండోదాన్ని విడిపించేవి గొళ్లెం తీసే మందులు. ఇప్పటిదాకా గెలిచిన మందుల్లో కరెంటు కోసేది ఒక్కటీ లేదు. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. గుండెకి, నరాలకి, మెదడుకి వచ్చేది కూడా అదే లైను కరెంటు. గడ్డకి మాత్రమే సరఫరా ఆపే స్విచ్ ఇంకా ఎవరికీ దొరకలేదు.

'క్యాన్సర్ అంటేనే మైటోకాండ్రియా పాడవడం, దాన్ని బాగుచేస్తే జబ్బు పోతుంది' అనే వాదన కూడా తరచూ వినిపిస్తుంది. ఇది 1920లలో ఆటో వార్‌బర్గ్ చేసిన పరిశీలన నుంచి వచ్చింది. ప్రాణవాయువు అందుతున్నా క్యాన్సర్ కణాలు గ్లూకోజ్‌ని లాక్టేట్‌గా మార్చేస్తాయని ఆయన చూసింది నిజమే. దానికి మైటోకాండ్రియా చెడిపోవడమే కారణమన్న ఆయన ఊహ మాత్రం నిలబడలేదు. చాలా గడ్డల్లో మైటోకాండ్రియా బాగానే నడుస్తుంది.

వెనెటోక్లాక్స్: ఎక్కువ రుజువు ఉన్నది, ఎక్కువ జాగ్రత్త కావాల్సింది

మైటోకాండ్రియా బయటి పొర మీద బీసీఎల్-2 అనే ప్రోటీన్ ఉంటుంది. అది బ్యాక్స్, బ్యాక్ అనే మరో రెండు ప్రోటీన్లని కదలనివ్వదు. అవి కదిలితే పొరకి చిల్లులు పడతాయి, లోపలి సైటోక్రోమ్-సి బయటికొస్తుంది, కణం తనంతట తానే చనిపోతుంది. సీఎల్ఎల్ (మెల్లగా ముదిరే ఒక రక్త క్యాన్సర్) కణాల్లో బీసీఎల్-2 మితిమీరి ఉంటుంది. అంటే చావు అంచున ఉన్న కణాన్ని ఆ ఒక్క గొళ్లెమే ఆపుతోందన్నమాట. వెనెటోక్లాక్స్ తీసేది దాన్నే. అమెరికాలో 2016లో 17పి లోపం (17వ క్రోమోజోములో ఒక ముక్క పోవడం) ఉన్న సీఎల్ఎల్‌కి, 2018లో వేగంగా ముదిరే రక్త క్యాన్సర్ ఏఎంఎల్‌కి అనుమతి వచ్చింది.

ఏఎంఎల్‌లో దీని స్థానం స్పష్టం. 75 ఏళ్లు దాటినవారికి, గుండె, కిడ్నీ సమస్యలతో గట్టి కీమో తట్టుకోలేనివారికి అజాసిటిడిన్ ఇంజక్షన్‌తో కలిపి ఇస్తారు. వియాలే-ఏ ట్రయల్‌లో అజాసిటిడిన్ ఒక్కటే తీసుకున్నవారు మధ్యస్థంగా 9.6 నెలలు బతికితే, రెండూ కలిపి తీసుకున్నవారు 14.7 నెలలు బతికారు. తేడా నిజమైనదే, కానీ ఇది జబ్బును పూర్తిగా నయం చేసే చికిత్స కాదు. ఆ మాట కుటుంబానికి ముందే తెలియాలి. వయసులో ఉండి, ఆరోగ్యం గట్టిగా ఉన్నవారికి సైటరబిన్ ఏడు రోజులు, ఆంత్రాసైక్లిన్ మూడు రోజులు ఇచ్చే పాత కీమోనే ఇప్పటికీ ప్రధాన దారి. 'మాత్రలతో పోతుందంట కదా' అని దాన్ని వదులుకోకూడదు.

ఏఎంఎల్‌లో మొదటి కొద్ది రోజులు ఆసుపత్రిలోనే గడుస్తాయి. ముందు తెల్లకణాలని మైక్రోలీటరుకి 25,000 లోపుకి దించాలి. ఎక్కువుంటే హైడ్రాక్సీయూరియా ఇస్తారు. యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్ మొదలుపెడతారు, సెలైన్ ఎక్కిస్తారు. వెనెటోక్లాక్స్ మొదటి రోజు 100 మి.గ్రా., రెండో రోజు 200, మూడో రోజు 400. అజాసిటిడిన్ చదరపు మీటరుకి 75 మి.గ్రా. లెక్కన ఏడు రోజులు, 28 రోజులకి ఒక సైకిల్. డోసు పెంచే ముందు ఒకసారి, వేసుకున్న 6–8 గంటలకి మరోసారి రక్తం తీస్తారు. పెంచడం పూర్తయ్యాక 24 గంటలకి ఇంకోసారి. చేతికి ఇన్ని పోట్లు ఎందుకని రోగి విసుక్కుంటాడు. కారణం ఉంది. లక్షల కణాలు ఒక్కసారిగా పగిలితే లోపలి పొటాషియం, ఫాస్ఫరస్, యూరిక్ యాసిడ్ రక్తంలోకి వచ్చిపడతాయి. పొటాషియం గుండె లయ తప్పిస్తుంది, యూరిక్ యాసిడ్ కిడ్నీని మూసేస్తుంది. దీన్నే ట్యూమర్ లైసిస్ అంటారు. సీఎల్ఎల్ తొలి ట్రయల్స్‌లో డోసు వేగంగా పెంచినప్పుడు దీనివల్ల ప్రాణాలు కూడా పోయాయి. అందుకే సీఎల్ఎల్‌లో ఇప్పుడు అయిదు వారాలు తీసుకుంటారు: వారానికో మెట్టుగా రోజుకి 20, 50, 100, 200, 400 మి.గ్రా. మొదలుపెట్టడానికి రెండు రోజుల ముందు నుంచే రోజుకి ఒకటిన్నర, రెండు లీటర్ల నీళ్లు తాగాలి. గుండె జబ్బుకి నీళ్లు తగ్గించమన్నవాళ్లయితే ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పాలి.

ఎక్కువ పొరపాట్లు జరిగేది మాత్రం ఇంటికొచ్చాక. వెనెటోక్లాక్స్‌ని కాలేయంలో కరిగించే ఎంజైమును కొన్ని మామూలు మందులు ఆపేస్తాయి. అప్పుడు అదే మాత్ర ఒంట్లో అనేక రెట్లు పేరుకుంటుంది. తెల్లకణాలు తగ్గినవారికి ఫంగస్ రాకుండా పోసాకొనజోల్ ఇస్తుంటారు. దాంతోపాటైతే వెనెటోక్లాక్స్ 400 నుంచి 70 మి.గ్రా.కి దిగాలి. వోరికొనజోల్, ఇట్రాకొనజోల్, క్లారిత్రోమైసిన్ లాంటివైతే 100కి. ఫ్లుకొనజోల్, డిల్టియాజెమ్, వెరపామిల్ లాంటివైతే కనీసం సగానికి. ఊళ్లో జ్వరం వచ్చి, దగ్గర్లోని క్లినిక్‌లో క్లారిత్రోమైసిన్ రాయించుకుని, వెనెటోక్లాక్స్ 400 అలాగే మింగేస్తే రక్తకణాలు కుప్పకూలతాయి.

దీనికి అటువైపు తప్పూ ఉంది. ఫంగస్ మందు ఆపేశాక రెండు మూడు రోజుల్లో పాత డోసుకి తిరిగి పెంచాలి. ఎవరికీ గుర్తుండక రోగి వారాల తరబడి 70 మీదే ఉండిపోతాడు, జబ్బు తిరగబెడుతుంది. ఖర్చు తగ్గించడానికి కావాలనే ఫంగస్ మందుతో జోడించి తక్కువ డోసు ఇచ్చే డాక్టర్లూ ఉన్నారు. అది లెక్కగట్టి చేసే పని, ఇంట్లో చేసుకునే సర్దుబాటు కాదు. టీబీ మందు రిఫాంపిసిన్, ఫిట్స్ మందులు ఫెనిటోయిన్, కార్బమజెపీన్ దీనికి పూర్తిగా విరుద్ధం. అవి వెనెటోక్లాక్స్‌ని పనిచేయకముందే కరిగించేస్తాయి. మన దగ్గర టీబీ ఎక్కువ కాబట్టి పాత టీబీ చరిత్ర ఉంటే మొదటి రోజే చెప్పండి.

మాత్ర భోజనంతోనే వేసుకోవాలి. పరగడుపున వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు. మర్చిపోయి 8 గంటల్లోపు గుర్తొస్తే వేసుకోవచ్చు. దాటితే వదిలేసి మర్నాడు మామూలు వేళకి. వాంతయితే మళ్లీ వేయొద్దు. గ్రేప్‌ఫ్రూట్, స్టార్‌ఫ్రూట్ పూర్తిగా మానాలి. గ్రేప్‌ఫ్రూట్ మన పంపరపనస సంకరమే కాబట్టి దాన్నీ పక్కన పెట్టడం మంచిది. జ్వరం 100.4 ఫారెన్‌హీట్ తాకితే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. వియాలే-ఏలో తెల్లకణాలు పడిపోయి జ్వరం రావడం 42 శాతం మందిలో కనిపించింది, అజాసిటిడిన్ ఒక్కటే తీసుకున్నవారిలో 19 శాతం. మొదటి సైకిల్ చివర మజ్జ పరీక్షలో జబ్బు కణాలు పోయాయని తేలితే, రక్తకణాలు కోలుకునేదాకా మాత్రకి విరామం ఇస్తారు. తర్వాత 28 రోజులకి బదులు 21 రోజులకో, ఇంకా తక్కువకో కుదిస్తారు. విరామం ఇచ్చారంటే మందు పనిచేయలేదని కాదు, చాలాసార్లు బాగా పనిచేసిందని అర్థం.

సీఎల్ఎల్‌లో ఎంపిక వేరేలా ఉంటుంది. అక్కడ పోటీ ఇబ్రుటినిబ్, అకాలబ్రుటినిబ్ లాంటి బీటీకే మాత్రలతో (బీటీకే అనే ప్రోటీన్‌ని ఆపేవి). అవి మొదలుపెట్టడం సులువు, పదేపదే రక్తపరీక్షలు అక్కర్లేదు, కానీ పనిచేసినంత కాలం రోజూ మింగాల్సిందే. వెనెటోక్లాక్స్‌ని ఒబినుటుజుమాబ్ అనే ఇంజక్షన్‌తో కలిపి ఇస్తే 12 సైకిళ్లకి ఆపేయొచ్చు. చేతి డబ్బుతో వైద్యం చేయించుకునే ఇంట్లో, ముగింపు తేదీ ఉన్న మందుకి విలువ ఎక్కువని మా అభిప్రాయం. గుండె లయ సమస్య ఉన్నా, రక్తం పలచబరిచే మందులు వాడుతున్నా తూకం వెనెటోక్లాక్స్ వైపు మొగ్గుతుంది. కిడ్నీలు బలహీనంగా ఉన్నా, పరీక్షలకి వెంటవెంటనే పట్నం రాలేకపోయినా బీటీకే వైపు. 17పి లోపం ఉంటే చాలామంది నిపుణులు బీటీకే మాత్రకే మొగ్గుతారు.

గొళ్లెం సిద్ధాంతం అన్ని తాళాలకీ పనిచేయదనడానికి మజ్జలో పుట్టే మరో రక్త క్యాన్సర్ మైలోమా ఉదాహరణ. బెల్లిని ట్రయల్‌లో బోర్టెజోమిబ్ అనే మందుకి వెనెటోక్లాక్స్ జోడిస్తే జబ్బు ఎక్కువ కాలం అదుపులో ఉంది, 11.5 నెలలకి బదులు 22.4 నెలలు. అయినా చనిపోయినవారి సంఖ్య పెరిగింది. 2019 మార్చిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. స్కాన్, రక్త పరీక్ష బాగుండటం, మనిషి బతకడం ఎప్పుడూ ఒకటి కావు.

పరీక్ష చెబితేనే వాడేవి

ఐడీహెచ్-2 అనే ఎంజైము మైటోకాండ్రియా లోపలే ఉంటుంది. దాని జన్యువు మారితే 2-హైడ్రాక్సీగ్లుటరేట్ అనే పదార్థం పోగుపడి, మజ్జలోని కణాలు ఎదగకుండా పసితనంలోనే ఆగిపోతాయి. ఎనాసిడెనిబ్ రోజుకి 100 మి.గ్రా. ఆ ఎంజైమును ఆపుతుంది. దాని అన్న ఐడీహెచ్-1 మైటోకాండ్రియా బయట, కణద్రవ్యంలో ఉంటుంది, దానికి మందు ఐవోసిడెనిబ్, రోజుకి 500 మి.గ్రా. పేర్లు, పనీ ఒకేలా ఉన్నా రుజువు ఒకేలా లేదు. ఐడీహెచ్-1 మార్పు ఉన్న కొత్త ఏఎంఎల్ రోగుల్లో ఐవోసిడెనిబ్, అజాసిటిడిన్ జోడీ మధ్యస్థ జీవితకాలాన్ని 7.9 నుంచి 24 నెలలకి తీసుకెళ్లింది. తిరగబెట్టిన జబ్బులో ఎనాసిడెనిబ్‌కి సుమారు 40 శాతం మంది స్పందించారు. కానీ మామూలు చికిత్సలతో పోల్చి చూసిన పెద్ద ట్రయల్‌లో ఆయుష్షు పెరిగినట్టు తేలలేదు.

ఈ రెండు మందులూ కణాలని చంపవు, ఎదగనిస్తాయి. కాబట్టి ఫలితం మెల్లగా వస్తుంది. నెలన్నరకి 'ఏం తేడా లేదు' అని ఆపేయడం తొందరపాటు, జబ్బు ముదరకపోతే ఆరు నెలలు చూడమంటారు. ఒక ప్రమాదం గుర్తుంచుకోవాలి. ఎదిగిన కణాలు ఒక్కసారిగా పోటెత్తితే జ్వరం, ఆయాసం, కాళ్లవాపు, రెండు మూడు రోజుల్లో బరువు పెరగడం కనిపిస్తాయి. చూడ్డానికి అచ్చం న్యుమోనియాలా ఉంటుంది. యాంటీబయాటిక్ ఒక్కటే ఇచ్చి కూర్చుంటే ప్రాణాపాయం. అనుమానం రాగానే డెక్సామెథసోన్ 10 మి.గ్రా. 12 గంటలకోసారి మొదలుపెడతారు. మందు ఆపినా ఎనాసిడెనిబ్ రోజుల తరబడి ఒంట్లోనే ఉంటుంది కాబట్టి ఆపడం ఒక్కటే సరిపోదు. ఎనాసిడెనిబ్‌తో బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పదార్థం) పెరగడం మామూలే. పసిరిక మందంటూ నాటువైద్యానికి పరిగెత్తే ముందు మిగతా కాలేయ పరీక్షలు చూపించుకోండి.

మెదడు మధ్యభాగంలో వచ్చే, హెచ్3 కె27ఎం అనే జన్యు మార్పు ఉన్న గ్లయోమా గడ్డకి డోర్డావిప్రోన్ 2025 ఆగస్టులో అమెరికాలో అనుమతి పొందింది. ఇది మైటోకాండ్రియాలోని క్లిప్-పి అనే ప్రోటీన్లు కోసే ఎంజైముని అదుపు తప్పేలా రెచ్చగొడుతుంది. పెద్దవాళ్లకి వారానికి ఒక్కసారే, 625 మి.గ్రా. అనుమతికి ఆధారమైన 50 మందిలో గడ్డ తగ్గింది 22 శాతం మందికి. దాదాపు మందే లేని జబ్బులో అదీ తక్కువేమీ కాదు, అయినా ఇది తొలిదశ అనుమతి మాత్రమే. గుండె ఈసీజీలో క్యూటీ వ్యవధి (గుండె లయ తప్పే ముప్పుని చూపేది) చూసుకుంటూ ఉండాలి.

కరెంటు కోద్దామని ఓడినవి

ఐఏసీఎస్-010759 అనే మందు మైటోకాండ్రియా మొదటి కాంప్లెక్స్‌ని (ఏటీపీ తయారీ వరుసలో మొదటి యంత్రం) గట్టిగా ఆపింది. ఎలుకల్లో అద్భుతం. మనుషుల్లో లాక్టిక్ యాసిడ్ పెరిగి, నరాలు దెబ్బతిని ట్రయల్స్ ఆపేశారు. పాంక్రియాస్ క్యాన్సర్‌లో డెవిమిస్టాట్ అనే మందుని 528 మంది మీద చూశారు, ఆయుష్షు పెరగలేదు. ఎలెస్క్లొమోల్ అనే మరో మందు కథ ఇంకాస్త నేర్పుతుంది. 2009లో మెలనోమా (ఒక చర్మ క్యాన్సర్) ట్రయల్ మధ్యలోనే ఆపారు. రక్తంలో ఎల్‌డీహెచ్ అనే ఎంజైము ఎక్కువగా ఉన్నవారిలో, అంటే గడ్డ మైటోకాండ్రియాని పక్కనపెట్టి చక్కెర పులియబెట్టుకుని బతుకుతున్న చోట, మందు పనిచేయలేదు. పట్టుకోవాల్సిన కొమ్మ అక్కడ లేనేలేదు.

మెట్‌ఫార్మిన్ దగ్గరికి వద్దాం. షుగర్ ఉండి మెట్‌ఫార్మిన్ వాడేవారికి క్యాన్సర్ తక్కువని పాత రికార్డులు సూచించాయి. రొమ్ము క్యాన్సర్‌లో 3,649 మందిలో సగం మందికి 850 మి.గ్రా. రోజుకి రెండుసార్లు అయిదేళ్ల లెక్కన ఇచ్చి చూశారు. 2022లో ఫలితం వచ్చింది: తేడా లేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో కీమో, రేడియేషన్‌లతో కలిపిన రెండు ట్రయల్స్‌లోనూ లాభం లేదు, ఒకదాంట్లో పరిస్థితి ఇంకా దిగజారింది. ల్యాబ్‌లో పనిచేసి ఇక్కడ ఎందుకు తేలిపోయింది? గాజుపళ్లెంలో కణాల మీద పోసిన గాఢత, మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికంటే వందల రెట్లు ఎక్కువ. ఈ తేడా చాలా 'అద్భుత' వార్తల వెనక ఉంటుంది.

షుగర్ ఉండి ముందునుంచీ మెట్‌ఫార్మిన్ వాడుతున్నవాళ్లు క్యాన్సర్ వచ్చిందని మానక్కర్లేదు. కిడ్నీ పనితీరు తక్కువగా ఉంటే కాంట్రాస్ట్ సీటీ రోజున ఆపి, 48 గంటల తర్వాత క్రియాటినిన్ చూసి మొదలుపెట్టాలి. కీమోతో వాంతులు, విరేచనాలై ఒళ్లు ఎండినప్పుడూ ఆపాలి. షుగర్ లేని, ఇప్పటికే బరువు తగ్గుతున్న రోగికి కొత్తగా ఇది పెట్టడం ఆకలిని ఇంకా చంపుతుంది.

డీసీఏ (డైక్లోరోఅసిటేట్) పేరుతో క్యాన్సర్ మందంటూ ఆన్‌లైన్‌లో అమ్మే పొడి గురించి ఒక్క మాట: 2007లో ఎలుకల ఫలితాలతో పేరొచ్చింది, మనుషుల్లో కాళ్లు చేతుల తిమ్మిర్లు తప్ప నమ్మదగ్గ లాభం రుజువు కాలేదు. పైగా కొనే పొడి స్వచ్ఛత ఎవరూ చూడనిది.

నులిపురుగుల మందులు, సప్లిమెంట్లు

ఫెన్‌బెండజోల్ మన దగ్గర పశువుల మందు. అది ప్రధానంగా పట్టుకునేది మైక్రోట్యూబుల్స్‌ని (కణం రెండుగా విడిపోవడానికి కావాల్సిన సన్నని గొట్టాలు), మైటోకాండ్రియాని కాదు. వాడినవారిలో తీవ్రంగా కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. బడిలో పిల్లలకి వేసే ఆల్బెండజోల్ 400 మి.గ్రా. ఒక్క మాత్ర హానిలేనిదే. అదే రోజూ నెలలపాటు మింగితే మజ్జని అణిచేస్తుంది, కీమో కూడా నడుస్తుంటే కణాలు పడిపోయింది దేనివల్లో డాక్టరుకి తెలియదు. ఐవర్‌మెక్టిన్ ల్యాబ్‌లో క్యాన్సర్ కణాలని చంపిన గాఢత, మామూలు డోసుతో రక్తంలో వచ్చేదానికి దాదాపు వంద రెట్లు.

కోక్యూ10, రకరకాల యాంటీఆక్సిడెంట్లు కీమో నడిచే రోజుల్లో వద్దు. కొన్ని కీమో మందులు, రేడియేషన్ పనిచేసేదే కణంలో ఆక్సీకరణ ఒత్తిడి పెంచి. 'మైటోకాండ్రియాకి బలం' అని ఇచ్చేది గడ్డకీ బలమే కావచ్చు. గడ్డకి చక్కెర అందకుండా చేద్దామని అన్నం మానేసినా గడ్డ ఎండదు, కాలేయం కండ కరిగించి గ్లూకోజ్ చేసి ఇస్తూనే ఉంటుంది.

డాక్టర్ దగ్గర తేల్చుకోవాల్సినవి

ఏఎంఎల్ అయితే మజ్జ తీసిన రోజే ఎన్‌జీఎస్ ప్యానెల్‌కి (ఒకేసారి చాలా జన్యువులు చదివే పరీక్ష) పంపారా, అందులో ఐడీహెచ్-1, ఐడీహెచ్-2, ఎఫ్ఎల్‌టీ3, టీపీ53 జన్యువులు ఉన్నాయా అని అడగండి. ప్యానెల్ రిపోర్టుకి రెండు మూడు వారాలు పట్టొచ్చు. జబ్బు అంతదాకా ఆగకపోవచ్చు. ఐడీహెచ్, ఎఫ్ఎల్‌టీ3 మాత్రం పీసీఆర్‌లో ముందే తెలుసుకోవచ్చు. సీఎల్ఎల్ అయితే మొదలుపెట్టే ముందు ఫిష్ పరీక్షలో (క్రోమోజోము లోపాలు చూపేది) 17పి, సీటీలో గడ్డల సైజు చూడాలి. అయిదు సెంటీమీటర్లు దాటిన గడ్డలున్నా, లింఫోసైట్లు 25,000 దాటినా ట్యూమర్ లైసిస్ ముప్పు పెరుగుతుంది. మెదడు గడ్డ అయితే బయాప్సీ బ్లాక్ మీదే హెచ్3 కె27ఎం చూస్తారు.

రొమ్ము, ఊపిరితిత్తులు, పెద్దపేగు, నోటి క్యాన్సర్లకి మైటోకాండ్రియా మందులేవీ ఇవాళ ప్రామాణిక చికిత్సలో లేవు. ఎవరైనా ఇస్తామంటే అది ట్రయల్ అయి ఉండాలి, సీటీఆర్ఐ (మన దేశంలో ట్రయల్స్ నమోదయ్యే రిజిస్ట్రీ) నంబరు ఉండాలి. ఆ నంబరు కొట్టి వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. పరీక్షిస్తున్న మందుకి డబ్బు అడుగుతున్నారంటే అక్కడితో మాట ఆపేయండి.

ఖర్చు మాట్లాడేటప్పుడు నెల మందు ధర ఒక్కటే అడిగితే లెక్క తప్పుతుంది. వెనెటోక్లాక్స్‌తోపాటు మొదటి సైకిల్ ఆసుపత్రి రోజులు, రక్తం, ప్లేట్‌లెట్లు, ఫంగస్ మందు, జ్వరం వస్తే ఇంజక్షన్లు, అన్నీ కలిపి మూడు సైకిళ్లకి అంచనా రాయించుకోండి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ఏ భాగం వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రని మొదలుపెట్టక ముందే అడగాలి. వేరే ఊరికి మారేటప్పుడు రిపోర్టులతోపాటు పారాఫిన్ బ్లాకులు (మైనంలో భద్రపరిచిన బయాప్సీ ముక్కలు) కూడా అడిగి తీసుకెళ్లండి. రేపు కొత్త పరీక్ష చేయాల్సివస్తే మళ్లీ సూది గుచ్చే పని తప్పుతుంది.